మూత తీయకూడదన్నారు

కాకినాడ రేవు దగ్గర చర్చి వెనక సందులో ఏలియా, యోనా అనే అన్నదమ్ములూ, వాళ్ళ చెల్లెలు సలోమీ ఉండేవాళ్ళు. తమంత తెలివైనవాళ్ళు ఆ ఊళ్ళోనే లేరని వాళ్ళ నమ్మకం. "మనకి ఒక్క మాట చెబితే చాలు, పొల్లు పోకుండా చేసేస్తాం" అని రోజూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అంత తెలివి ఉండీ ఏలియాకి నలభై దాటినా పెళ్ళి కాలేదు, పాపం!

ఆఖరికి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు కెజియా. ఏలియా ఆమెకి నచ్చాడు కూడా. అయితే వాళ్ళ నాన్న జకరయ్య ముప్పై ఏళ్ళు ఓడల్లో వంట చేసినవాడు.

"చూడు బాబూ, మా ఇంటల్లుడికి వంట రావాలి. సింగపూరులో నేను వండిన కూర వండిపెట్టు. గొడ్డు మాంసం పెద్ద ముక్క, కొయ్యకుండా వెయ్యాలి. సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు, కాస్త బెల్లం. సన్న సెగ. మూత పెట్టాక మూడు గంటలు తీయకూడదు. వాసన సందు చివరికి వచ్చిందంటే ఉడికినట్టే. శనివారం వస్తా, బాగుంటే పిల్లనిస్తా" అన్నాడు.

శనివారం తెల్లారగానే ముగ్గురూ పొయ్యి వెలిగించారు. సాస్ పోశారు, అల్లం వేశారు, బెల్లం వేశారు, మూత పెట్టారు. తీరా చూస్తే మాంసం పళ్ళెంలోనే ఉంది!

"అయ్యో, మూత తీసి వేసేద్దామా అన్నయ్యా?" అంది సలోమీ.

"నీకేమన్నా మతి పోయిందా? మూడు గంటలు తీయకూడదన్నారుగా!" అన్నాడు ఏలియా.

అంతే, ముగ్గురూ గడియారం చూస్తూ కూర్చున్నారు. మూడు గంటలయ్యాక తీస్తే లోపల అంతా మాడి బొగ్గయింది. "మూత మాత్రం ఎవరమూ ముట్టుకోలేదు" అని తెగ మురిసిపోయారు.

గిన్నె తోమి, మళ్ళీ అన్నీ వేసి, ఈసారి మాంసం కూడా వేశారు. తర్వాత వాసన కోసం సందు చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఎంత పీల్చినా వాసన రాదే! గాలి అవతలి వైపుకి వీస్తోంది మరి.

"వాసన రాకపోతే కూర ఎలా ఉడుకుతుంది? పెళ్ళి తప్పిపోతుందిరా!" అని ఏలియా కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

యోనాకి తళుక్కున ఆలోచన వచ్చింది. ఇంకేముంది, పొయ్యీ గిన్నే మోసుకొచ్చి సందు చివర పెట్టేశారు. గుప్పున వాసన! "ఉడికిపోయింది!" అని ముగ్గురూ గంతులేశారు.

అప్పుడే వచ్చిన జకరయ్య మూత తీసి చూశాడు. మాంసం పచ్చిగా, ఎర్రగా ఉంది. జరిగిందంతా ఏలియా గర్వంగా చెప్పాడు. ముసలాయన తల పట్టుకున్నాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్కడే స్టూలు వేసుకుని, తనే మూడు గంటలు దగ్గరుండి వండాడు. ముక్క వేలితో తాకితే విడిపోయింది. సందులో వాళ్ళందరూ ప్లేట్లు పట్టుకొచ్చారు.

"పోనీలే, చెప్పిన మాట దాటడు. పిల్లనిస్తా" అన్నాడు జకరయ్య.

పెళ్ళి రోజు వచ్చింది. చర్చి గుమ్మంలో ఏలియా చుట్టాలందరికీ ఆ బొగ్గు కూర కథ మొదలుపెట్టాడు. జకరయ్యకి పరువు పోయినట్టయింది. "నాయనా, పెళ్ళి అయ్యేదాకా నువ్వు నోరు తెరవకు!" అన్నాడు.

అంతే, ఏలియా నోరు మూసేశాడు. షర్బత్ ఇస్తే తాగలేదు.

లోపల పాస్టరు గారు అడిగారు, "ఏలియా, కెజియాను భార్యగా స్వీకరించడం నీకు సమ్మతమేనా?"

ఏలియా పలకలేదు. రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. కెజియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నోరు తెరవరా బాబూ!" అన్నాడు జకరయ్య.

"అదేంటండీ, పెళ్ళి అయ్యేదాకా తెరవొద్దన్నారుగా! ఇంకా అవ్వలేదు కదా!" అంది సలోమీ.

అన్నయ్య పెళ్ళి ఆగిపోతుందేమోనని యోనాకి భయం వేసింది. గబుక్కున లేచి అన్న పక్కన నిలబడి, "నాకు సమ్మతమేనండీ!" అని చర్చి అదిరేలా అరిచాడు.

అది విని ఏలియా మొహం వెలిగిపోయింది.

"హమ్మయ్య! పెళ్ళి అయిపోయింది! ఇక షర్బత్ తాగొచ్చా మావయ్యా?"