పచ్చబూజు పట్టిన కంద

ఆశ్రమం కొట్లో విత్తనానికి దాచిన కంద దుంపలు కుళ్ళిపోతున్నాయి. శిష్యుడు మార్కండేయులికి అన్నం సహించడం లేదు.

కిందటి వరదలో లంకలోని పదకొండు ఇళ్ళవాళ్ళ పంట గోదావరిలో కలిసిపోయింది. వైశాఖంలో నాటుకోవడానికి విత్తనం ఇస్తామని ఆశ్రమం గురువు నూకయ్యస్వామి వాళ్ళకు మాటిచ్చాడు. దాన్ని కాపాడే పని మార్కండేయులికి అప్పగించాడు.

మార్కండేయులికి శుభ్రం మీద మహా పట్టింపు. రోజుకు మూడు స్నానాలు చేసేవాడు. ఎవరూ రాకుండా తలుపు గడియ వేసుకుని ధ్యానానికి కూర్చునేవాడు. అయినా పిచ్చి ఆలోచనలు వదలడం లేదని గురువు దగ్గర వాపోయేవాడు.

కంద తవ్వి తెచ్చిన రోజున స్వామి ఒక పని చెప్పాడు. వ్యవసాయ కేంద్రం వాళ్ళు దుంపకు మేలు చేస్తుందని ఒక పచ్చబూజు పొడి ఇచ్చారు. దాన్ని పేడనీళ్ళలో కలిపి, దుంపల్ని ముంచి, నీడన ఆరబెట్టమన్నాడు.

ఆశ్రమంలోకి బూజేమిటని మార్కండేయులు ఆ పని మానేశాడు. ఒక్కో దుంపనీ కడిగి, తుడిచి, సున్నం వేసిన కొట్లో పేర్చాడు.

మాఘం దాటేసరికి పార గాట్లు పడినచోట దుంపలు మెత్తబడ్డాయి. రోజూ ఏరి పారేస్తున్నా పక్కదానికి అంటుకుంటూనే ఉంది.

ఒకరోజు పల్లాలమ్మ అనే లంక రైతు విత్తనం చూసుకుపోదామని వచ్చింది. స్వామి, మార్కండేయులు ఆమెను కొట్టు దగ్గరికి తీసుకెళ్ళారు. వాసనకు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇయ్యి నాటితే మొలుత్తాయంటారా, స్వామీ?"

మార్కండేయులు తల దించుకుని, తాను మానేసిన పని గురువుతో చెప్పేశాడు.

"స్నానం చేయించావు సరే, బొట్టు పెట్టడం మరిచిపోయావా?" అన్నాడు స్వామి. పల్లాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మిగిలిన మంచి దుంపల్ని ఒకదానికొకటి తగలకుండా పరచమని చెప్పి, స్వామి రెండు గట్టి దుంపలు తీసుకున్నాడు. రెండింటికీ కత్తితో గాటు పెట్టాడు. ఒకదాన్ని నీళ్ళతో కడిగాడు. రెండోదాన్ని పచ్చబూజు కలిపిన పేడనీళ్ళలో ముంచాడు. ఆరాక రెండు గాట్ల మీదా చెరో కుళ్ళుముక్క అంటించి, వేరు వేరు బుట్టల్లో గడ్డి కప్పి పెట్టాడు. పదిహేనో రోజున రమ్మని పల్లాలమ్మకు చెప్పాడు.

ఆ రోజు మార్కండేయులే గడ్డి తీశాడు. కడిగిన దుంపలోకి వేలు దిగిపోయింది. రెండోది రాయిలా ఉంది. గాటు ఎండి మానింది. అంటించిన కుళ్ళుముక్క పచ్చటి పొడి కింద మునిగిపోయింది. దుంప నడినెత్తిన గులాబీరంగు మొలక తొంగిచూస్తోంది.

మార్కండేయులు దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"కుళ్ళుని తినేసిందా, స్వామీ?"

"కొంత తింది. మిగతాదానికి కూర్చునే చోటివ్వలేదు."

పల్లాలమ్మ కొట్లోకి వెళ్ళి మిగిలిన దుంపల్ని నొక్కి చూసింది. ప్రతి ముక్కకీ మొలక వచ్చేలా కోసుకుంటే అన్ని ఇళ్ళకూ సరిపెట్టుకోవచ్చని చెప్పింది.

మార్కండేయులు పంచె ఎగ్గట్టి పేడనీళ్ళ తొట్టి ముందు కూర్చున్నాడు. మోచేతుల దాకా చేతులు పెట్టి ఒక్కో దుంపనీ ముంచి తీశాడు. పల్లాలమ్మ అందుకుని నీడన పరిచింది.

సాయంత్రం అతను స్నానం చేసి ధ్యానానికి లేచాడు. వాకిట్లో పల్లాలమ్మ దుంపలు తిరగేస్తూ ఏదో పాట అందుకుంది. అతని చెయ్యి గడియ దాకా వెళ్ళి, కుళ్ళుకి చోటివ్వని పచ్చబూజు గుర్తొచ్చి ఆగింది.

తలుపు బార్లా తెరిచి, కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు.