బండిబాటలో పేరంటాలు

కాళ్ళు కడుక్కున్నారా? అయితే సర్దుకుని పడుకోండి. ఒరే చంటీ, అక్క దుప్పటి లాగకు. ఊ కొట్టేవాళ్ళకే కథ. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి గానీ మధ్యలో ఆపమని అడగొద్దు. మొదలుపెట్టిన పని నేను సగంలో వదలను.

అనగనగా ఒక ఊళ్ళో, ఒకే బాటకి రెండిళ్ళు. రెండూ వీధికి బాగా లోపలగా ఉండేవి. ఎడమ పక్క ఇల్లు కుమ్మరి గవరయ్యది. కుడి పక్క ఇల్లు నూకాలమ్మది, మొగుడు పోతే తనే వ్యవసాయం చేయించుకునే మనిషి. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే బండిబాట. అందులో ఎడమ సగం గవరయ్య నేల, కుడి సగం నూకాలమ్మ నేల. ఎవరి బండి వీధిలోకి వెళ్ళాలన్నా ఒక చక్రం సొంత నేల మీద, ఒక చక్రం పొరుగువాళ్ళ నేల మీద నడవాలి. తాతల నాటి నుంచీ అలాగే నడిచింది. ఒకరు అడిగిందీ లేదు, ఇంకొకరు కాదన్నదీ లేదు.

ఒక ఏడు ఏమయిందంటే, గవరయ్య పచ్చికుండలు ఆరబెట్టడానికి చోటు చాలక, బాటలో తన సగం మీద వరసగా పేర్చాడు. నూకాలమ్మ గడ్డిబండి వచ్చింది. వరసంతా నలిగిపోయింది. గవరయ్య లబోదిబోమన్నాడు. బండి తిరిగే చోట కుండలు పెట్టడానికి బుద్ధుందా అంది నూకాలమ్మ. అంతే, గవరయ్యకి ఒళ్ళు మండింది. నా సగం నాది, నీ బండి ఎలా కదులుతుందో చూస్తానని, తుమ్మకంప కొట్టుకొచ్చి తన సగానికి అడ్డంగా వేసి, గుంజలు పాతి, తడితాళ్ళతో బిగించి కట్టేశాడు.

భార్య సీతాలు చెప్పింది. "వద్దయ్యా, ఆ ఇంట్లో పురిటికొచ్చిన పిల్లుంది," అంది. వింటేనా? కోపంలో ఉన్నవాడికి చెవులుండవు. మీరూ గుర్తుంచుకోండి.

ఊ కొడుతున్నారా?

ఆ పిల్ల పేరు అచ్చియ్యమ్మ, నూకాలమ్మకి ఒక్కగానొక్క కూతురు. దీపాలు పెట్టే వేళకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, కాలవ అవతల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. బండి కట్టారు. పిల్లని పడుకోబెట్టారు. బండి కంప దాకా వచ్చి ఆగింది.

"గవరయ్యా, కంప తియ్యి బాబూ! నీ కాళ్ళు పట్టుకుంటాను," అని నూకాలమ్మ కేక వేసింది. గవరయ్య ఇంట్లోనే ఉన్నాడు. విన్నాడు. విని, ఇంకొక్కసారి అరవనీ అని కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే కొంప ముంచింది. తరవాత లేచి వచ్చాడు, పరిగెత్తుకునే వచ్చాడు. అయితే తను వేసిన ముడులు తనకే ఊడలేదు. తాళ్ళు ఎండి బిగిసిపోయాయి. కత్తి తెచ్చి కోసేసరికి, బండిలోంచి మూలుగు వినపడటం మానేసింది.

ఏడవకు రాజీ. ఏడిస్తే ముందుకి వినపడదు.

బండి ఆగిన చోటే, తన సగం నేలలో నూకాలమ్మ ఒక రాయి పాతింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. నిండు ముత్తయిదువగా పోయిన ఆడదాన్ని పేరంటాలని కొలుస్తారు కదా, అలా నా కూతురు పేరంటాలయిందని రోజూ దీపం పెట్టేది. ఆ రోజు నుంచి ఆ బాటలో బండి తిరగలేదు. నూకాలమ్మ ఎడ్లని అమ్మేసింది. గవరయ్య కుండలు నెత్తిన మోసుకుని సంతకి పోయేవాడు.

బండి తిరగలేదు గానీ, దీపాల వేళకి బాటలో ఇరుసు చప్పుడు వినపడేది. కిర్రు... కిర్రు... అని ఇళ్ళ దగ్గర బయలుదేరి, రాయి దాకా వచ్చి ఆగేది. అంతే. వెనక్కి వెళ్ళిన చప్పుడు ఎవరూ వినలేదు. తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళు రెండిళ్ళవాళ్ళూ. ఊళ్ళోవాళ్ళు ఆ పక్క చూపు కూడా తిప్పేవాళ్ళు కాదు.

ఏళ్ళు గడిచాయి. గవరయ్య కొడుక్కి పెళ్ళయింది. కోడలు పైడమ్మ, తల్లి లేని పిల్ల. కడుపుతో ఉంది, పుట్టింట్లో చూసేవాళ్ళు లేక అత్తారింట్లోనే ఉండిపోయింది. కోడలి పొట్ట పెరుగుతున్న కొద్దీ గవరయ్యకి తిండి సయించడం మానేసింది. ఈ పిల్లకి కష్టమయితే బండి ఎలా వెళుతుంది? ఏ మొహం పెట్టుకుని ఆమె నేల మీద చక్రం నడపమని అడగను? ఇదే ఆలోచన. చివరికి పెద్దమనుషులని పంపించాడు, నీ సగం బాట నాకు అమ్మమని.

అందరూ నూకాలమ్మ తిట్టి తగిలేస్తుందనుకున్నారు. ఆవిడ తిట్టలేదు. "నేను పెద్దదాన్నయ్యాను. రేపు నేను పోతే నా పిల్లకి దీపం పెట్టేదెవరు? అమ్ముతాను. నేలతో పాటు నా పిల్లని కూడా తీసుకోవాలి. బొట్టు పెట్టి, మా ఇంటి ఆడపడుచువి రమ్మని పిలిచి, ఏడాదికోసారి చీర పెట్టాలి," అంది.

గవరయ్య సరేనన్నాడు. పెద్దమనుషుల ముందు తల ఊపాడు. కాగితాలు రాయించుకున్నారు. బాటంతా గవరయ్యదయింది.

మరి పిలిచాడా? పిలవలేదు. రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అన్నాడు. ఆ రాయి ముందు నిలబడటానికి ధైర్యం చాలేది కాదు. చూస్తే కదా భయం అనుకుని, బాట చదును చేస్తున్నానని చెప్పి, తట్టలతో మట్టి తెచ్చి రాయిని కప్పేశాడు. పైన కుండపెంకులు పోసి దిమ్మిసతో అదిమి గట్టిగా కొట్టించాడు. బాట చూడటానికి అద్దంలా తయారయింది.

ఊ? నిద్రపోయారా? హమ్మయ్య, లేదు.

సంతరోజున బండి కట్టి, గడ్డి పరిచి, కుండలెక్కించాడు. బండి మెల్లగా కదిలింది. ఒక్క కుదుపు లేదు. వీధిలోకి వచ్చి చూస్తే ఏముంది, ప్రతి కుండా నిలువునా బీటలు వారింది. మళ్ళీ సంతకి మళ్ళీ ఎక్కించాడు. ఈసారి బండి రాయి ఉన్న చోటుకి వచ్చి ఆగిపోయింది. చక్రమా చక్రమా ఎందుకాగావంటే ఎద్దు నడవలేదంది. ఎద్దా ఎద్దా ఎందుకు నడవలేదంటే నేల పట్టేసిందంది. నేలా నేలా ఎందుకు పట్టావంటే కిందున్న రాయి వదలలేదంది. రాయీ రాయీ ఎందుకు వదలవంటే...

రాయి ఏమీ అనలేదు.

గవరయ్య బండి విప్పేసి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. పడుకుంటే ఆగుతుందా? నెల తిరక్కుండానే పైడమ్మకి నొప్పులొచ్చాయి. ఎప్పుడు? దీపాల వేళకి. మంత్రసాని చెయ్యి వేసి చూసి, చెయ్యి తీసేసి, "బిడ్డ అడ్డంగా ఉందమ్మా," అంది. బండి కట్టారు. పైడమ్మని పడుకోబెట్టారు. కిర్రు... కిర్రు... బండి కదిలింది. ఆ చోటుకి వచ్చింది. ఆగింది.

గవరయ్య కొడుకు ఎడ్లని అదిలించాడు. చర్నాకోలు ఎత్తాడు. అవి కళ్ళు తేలేసి వణుకుతున్నాయి గానీ గిట్ట ఎత్తడం లేదు. చుట్టూ చీకటి పడుతోంది. బండిలో ఒక మూలుగు వినపడుతోంది. బండి కింద, మట్టిలోంచి, అదే మూలుగు ఇంకొకటి.

గవరయ్య నూకాలమ్మ గుమ్మానికి పరిగెత్తాడు. "అక్కా, నీ కూతుర్ని అడ్డు తప్పుకోమని చెప్పక్కా! నీ మాటయితే వింటుంది!"

నూకాలమ్మ లాంతరు పట్టుకుని బయటికి వచ్చింది. "నా కూతురా? నేను నీకు రాసిచ్చేశాను కదయ్యా. ఇప్పుడది నీ ఇంటి పిల్ల. నీ ఇంటి పిల్ల మీద మట్టి ఎవరు పోశారు?"

అప్పుడు బండిలోంచి పైడమ్మ, పళ్ళు బిగబట్టి, ఒక్కొక్క మాటే అంది. "మామయ్యా, బొట్టు పెట్టి పిలవందే ఏ ముత్తయిదువ గడప తొక్కుతుంది? పిలుస్తామని పిలవలేదు. పాపం ఆవిడ బాటలోనే నిలబడిపోయింది. మట్టి తియ్యండి. అత్తయ్యా, కుంకుమభరిణె తెండి."

గవరయ్య మోకాళ్ళ మీద కూలబడి తవ్వాడు. పార కోసం కూడా చూడలేదు, చేతుల్తోనే తవ్వాడు. తను పోసిన పెంకులే వేళ్ళని చీరేశాయి. తవ్వుతూ, ఊరంతా వినేలా చెప్పాడు. "కంప వేసింది నేనే తల్లీ. మీ అమ్మ పిలుపు విని కూడా కూర్చున్నాను. మాటిచ్చి మట్టి కప్పాను. శిక్ష నాకు వెయ్యి. ఈ పిల్ల నీకేం చెయ్యలేదు."

రాయి బయటపడింది. అంత మట్టి కిందా బొట్టు చెదరలేదు. నూకాలమ్మ లాంతరు పట్టుకుంది. సీతాలు పట్టుకుని దింపితే, పైడమ్మ వంగలేక వంగి, రాయికి బొట్టు పెట్టింది. "వదినా, నేను నీ తమ్ముడి భార్యని. మా ఇంట్లో పురుడు. ఆడపడుచువి నువ్వు దగ్గరుండాలి. రా వదినా," అంది.

ఎడ్లు బుస్సుమని ఊపిరి వదిలాయి. బండి కదిలింది.

బండిలో పైడమ్మకి ఒక పక్క సీతాలు, ఒక పక్క నూకాలమ్మ కూర్చున్నారు. ఇద్దరూ ఆవిడ చేతులు పట్టుకున్నారు. మరి పొట్ట మీద చెయ్యి ఎవరిది? మంచులా చల్లగా ఉందట. మెల్లమెల్లగా నిమురుతూ బిడ్డని తిప్పిందట. పైడమ్మ కళ్ళు తెరవలేదు. తెరిస్తే వెళ్ళిపోతుందేమో అని తెరవలేదు. బండి కాలవ గట్టు ఎక్కేసరికి, ఆసుపత్రి అవసరం లేకుండానే, కెవ్వుమని ఆడపిల్ల ఏడిచింది. ఆ ఏడుపుతో ఆ చల్లటి చెయ్యి పొట్ట మీంచి లేచిపోయింది.

ఆ పిల్లని మొట్టమొదట నూకాలమ్మ ఒళ్ళోనే పెట్టారు. అచ్చియ్యమ్మ అనే పేరు పెట్టారు. బాట గవరయ్యదే అయినా బండి మాత్రం అందరిదీ తిరిగింది. ఏటేటా పేరంటాలికి చీర పెట్టారు. నూకాలమ్మ నిండుగా బతికి కళ్ళు మూసింది. ఆవిడ పోయిన నాటి సాయంత్రం కూడా దీపం వేళ తప్పలేదు, పైడమ్మే పెట్టింది.

తెలిసిందా? డబ్బిస్తే నేల మీద హక్కు వస్తుంది. చేసిన తప్పు అలా పోదు, నోరు తెరిచి ఒప్పుకుంటేనే పోతుంది. మాటిస్తే ఆ రోజే నిలబెట్టుకోవాలి. పిలుపు వినపడితే ఆ క్షణమే లేవాలి.

రేపు పొద్దున్న నేను లేపినప్పుడు మీరు కూడా అంతే. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.