ఫ్యాక్టరీ బూడిద, నాటుకోడి గుడ్లు

ఊరికే వస్తుందంటే చాలు, మంచీ చెడ్డా అడగకుండా చెయ్యి చాపే సన్యాసమ్మ కొత్తమామిడిపేటలో నాటుకోళ్ళు పెంచుకుంటూ ఉండేది. ఆరుబయట తిరిగి మేసే ఆ కోళ్ళ గుడ్లంటే చుట్టుపక్కల అందరికీ మోజే.

కోళ్ళకు పేలు పడితే గూట్లో పొయ్యి బూడిద పోయడం ఆ ఊరి అలవాటు. కోళ్ళు అందులో పొర్లాడితే పేలు రాలిపోతాయి. ఇంటింటికీ గ్యాసు పొయ్యి వచ్చాక ఇంక బూడిద ఎక్కడిది? సరిగ్గా అప్పుడే, పాత కరెంటు వైర్లు కాల్చి రాగి తీసే ఫ్యాక్టరీ మేనేజరు శేషగిరి ట్రాక్టరు నిండా బూడిద బస్తాలు పంపించాడు. తనే స్వయంగా వచ్చి, "బంగారంలాంటి బూడిద! తీసుకోండి, తీసుకోండి" అని నవ్వుతూ పంచాడు.

పురిటికి వచ్చిన సన్యాసమ్మ కూతురు రోహిణి ముక్కు మూసుకుంది. "అదేం కంపమ్మా! కోళ్ళకేమైనా అవుతుందేమో" అంది.

"నోర్ముయ్యవే! అంత చదువుకున్నాయన ఊరికే ఇస్తుంటే వంకలు పెడతావా?" అని సన్యాసమ్మ కసిరింది.

పేలు పోయాయి. కోళ్ళు ఆ బూడిదలోనే పొర్లాయి, అందులోనే గింజలు ఏరుకుని తిన్నాయి. ఆ గుడ్లనే సన్యాసమ్మ రోజూ ఉడకబెట్టి, దగ్గర కూర్చుని మరీ కడుపుతో ఉన్న కూతురికి తినిపించేది.

ఇంతలో శేషగిరి కూతురు కూడా పురిటికి వచ్చిందని తెలిసింది. మేలు చేసినాయన కదా అని సన్యాసమ్మ పక్క ఊళ్ళో ఉన్న వాళ్ళింటికి బుట్టెడు గుడ్లు పట్టుకెళ్ళింది. ఆ అమ్మాయి సంతోషంగా ఒక గుడ్డు చేతిలోకి తీసుకుంది. అంతే! శేషగిరి లోపలి నుంచి పరుగున వచ్చి, ఆ గుడ్డు లాక్కుని పెరట్లోకి విసిరికొట్టాడు.

"ఆ ఊరి గుడ్లు ముట్టుకోవద్దని చెప్పానా లేదా? ఆ బూడిదంతా విషం!" అని కూతురి మీద అరిచాడు. అరిచాక గానీ గుమ్మంలో ఉన్న సన్యాసమ్మ వాడి కంటపడలేదు.

సన్యాసమ్మకు ఒళ్ళు మండిపోయింది. "తెలుసా నీకు? తెలిసే పంచావా? నీ కూతురిదే కడుపా, నా కూతురిది కాదా?" అని వాడి చొక్కా పట్టుకుంది.

"పారబొయ్యడానికి చోటు లేక... అయినా ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదుగా" అని నసిగాడు. చూశారా, ఆ సిగ్గులేని జవాబు! ఏం మనిషండీ వాడు!

ఊరంతా ఫ్యాక్టరీ ముందు బైఠాయించింది. అధికారులు వచ్చి గుడ్లు పరీక్ష చేయిస్తే వాటిలో విషం ఉందని తేలింది. ఫ్యాక్టరీకి తాళం పడింది. శేషగిరిని పోలీసులు పట్టుకెళ్ళారు. అయితే ఏం లాభం? సన్యాసమ్మ కోళ్ళన్నిటినీ చంపి పూడ్చేశారు. "నా బిడ్డ ఒంట్లోకి పోయిన విషం సంగతేంటి డాక్టరుబాబూ?" అని ఆమె ఏడుస్తూ అడిగింది.

"పాప పుట్టాక గానీ ఏమీ చెప్పలేం" అన్నాడు డాక్టరు.

నీతి: ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తే, "ఇది మీ ఇంట్లో వాడతారా?" అని ముందు అడగాలి, తన బిడ్డకు పెట్టనిది ఊరి బిడ్డలకు పెట్టేవాడు ఎంత పెద్దమనిషైనా దుర్మార్గుడే.