దారం తెంపినావిడ

మార్తమ్మ పంతులమ్మని ప్రశ్న అడిగి నేరుగా జవాబు రాబట్టిన మనిషి గోదావరి జిల్లాల్లో ఇంతవరకు పుట్టలేదు. అడగడానికి ఎవరైనా అడగొచ్చు. ఆవిడ శ్రద్ధగా వింటుంది, చేతిలోని లేసు అల్లే కొక్కెం సూదిని కొప్పులో గుచ్చుకుంటుంది, లేచి ఏదో ఒక పని చేస్తుంది. జవాబు ఆ పనిలోనే ఉందంటారు. ఓర్పంటే ఏమిటని అడిగిన పాపానికి ఒక శిష్యురాలి ఒళ్ళో చిక్కుపడ్డ దారపు ఉండ పడేసి ఆవిడ ఎవరి పెళ్ళికో వెళ్ళిపోయిందట. ఆ చిక్కు విడేసరికి ఆ పెళ్ళికూతురు ఇద్దరు పిల్లల తల్లి అయిందని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నరసాపురం పక్కనున్న ఆ పేటలో లేసు అల్లే ఆడవాళ్ళంతా ఆవిడ అరుగు మీద నేర్చుకున్నవాళ్ళే. ఆ అరుగుకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి అల్లిక దారం వాళ్ళు తెంపుకోకూడదు. ఆఖరి ముడి వేశాక గుడ్డని మరొకావిడ చేతికివ్వాలి. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి, పువ్వు పువ్వునీ తడిమి, అంచు లాగి చూసి, "బాగుంది" అని పైకి అని, అప్పుడు కత్తెర వెయ్యాలి. ఇక ఆ గుడ్డకి తెంపినావిడే పూచీ. రేపెవరైనా వంక పెడితే అల్లినదానికంటే ముందు తెంపినదాన్ని పిలుస్తారు. శిష్యురాళ్ళ పెద్ద పనులన్నీ మార్తమ్మే తెంపేది. ఆవిడ సొంత అల్లికలు మాత్రం ఎదురింటి రూతమ్మ తప్ప ఎవరూ తెంపడానికి లేదు. వాళ్ళిద్దరూ లంగాల వయసు నుంచి ఒకరి దారాలు ఒకరు తెంపుకుంటున్నవాళ్ళు.

ఆ రోజు సలోమి అరుగెక్కిన విసురుకి మెట్లు అదిరాయి. పెంకుల మీది కాకులు లేచి మొగల్తూరు దాకా ఎగిరిపోయి, భోజనాల వేళకి గానీ తిరిగి రాలేదు. సలోమి మార్తమ్మ దగ్గర పదును తేలిన శిష్యురాలు. కిందటేడు దాకా తన లేసులన్నీ కమీషను ఏజెంటుకి వేసేది. అతను ఎంత మంచి అల్లికనైనా చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి, ముక్కు చిట్లించి, తనకి తోచింది ఇచ్చేవాడు. ఆ గుమ్మం ఇక తొక్కనని ఒట్టేసుకుని, సలోమి ఫోనులోని ఒక బజారు యాప్‌లో 'సలోమి లేసులు' అని దుకాణం తెరిచింది. అమ్మకాలు బాగానే సాగాయి. ఆ ధైర్యంతోనే వర్షాకాలమంతా కూర్చుని ఒక బల్లగుడ్డ అల్లింది. అది మామూలు గుడ్డా! పరిస్తే వశిష్ఠ గోదావరికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సరిపోయేది. మార్తమ్మ దాన్ని ఒక పూటంతా వెలుతురుకి పట్టి చూసి, "బాగుంది" అని దారం తెంపింది.

దాన్ని పట్నంలో ఒకావిడ కొనుక్కుంది. పార్సిలు అందిన వారానికి ఫిర్యాదు పెట్టింది. ఏమని? గుడ్డనిండా చిల్లులున్నాయని.

సలోమి మొదట నవ్వింది. కళ్ళున్న ఏ మనిషికైనా అర్థమవుతుంది కదా అనుకుంది. "అయ్యా, లేసంటేనే చిల్లులండి. చిల్లులు లేకపోతే దాన్ని దుప్పటి అంటారండి" అని యాప్ వాళ్ళకి రాసి పంపింది. జవాబు వచ్చింది: "మీ బాధ మాకు అర్థమైంది. చిల్లులు ఉన్నట్టు మీరు కూడా నిర్ధారించినందుకు ధన్యవాదాలు." కొన్నావిడ డబ్బు కొన్నావిడకి తిరిగి వెళ్ళిపోయింది. తరవాత గుడ్డ వెనక్కి వచ్చిందని పార్సిలు ఇచ్చారు. విప్పితే అందులో ఒక పాత తువ్వాలు. దాని చిరుగుల్లోంచి ఎద్దుబండి తోలుకుపోవచ్చు. సలోమి ఫోటో తీసి, ఇది నా గుడ్డ కాదని పంపింది. దానికీ జవాబు వచ్చింది: "తిరిగి వచ్చిన వస్తువుకి చిల్లులు ఉన్నాయి. ఫిర్యాదుతో సరిపోయింది."

ఫోన్ చేస్తే మనిషి పలకడు, పాట పలుకుతుంది. ఆ పాట వినీ వినీ సలోమి ఇంట్లో కోడిపుంజు కూత మానేసి అదే రాగం అందుకుంది. చివరికి దుకాణానికి తాళం పడింది. సాయంత్రం ఆరింటిలోగా సరుకులో లోపం ఉందని ఒప్పుకుంటే తాళం తీస్తారట, లేకపోతే శాశ్వతంగా మూసేస్తారట. ఫోనులో ఆ మాట కింద నొక్కడానికి రెండే చోట్లు. ఒకదాని మీద 'అంగీకరిస్తున్నాను' అని ఉంది. రెండోదాని మీద 'తర్వాత గుర్తు చేయండి' అని ఉంది. కాదు అనడానికి ఎక్కడా చోటే లేదు.

ఇదంతా అరుగు మీద ఒక్క గుక్కలో చెప్పేసి, సలోమి ఫోను పంతులమ్మ ముందు పెట్టింది.

"చెయ్యని తప్పు చేశానని ఒప్పేసుకుంటే ఏం పోద్దండీ పంతులమ్మగారూ? ఒక్క నొక్కు. పేటలో ఎవరికీ తెలీదు. నొక్కకపోతే మళ్ళీ ఆ ఏజెంటు గుమ్మంలో నిలబడాలండి. వాడు నన్ను చూసి నవ్వుతాడండి."

మార్తమ్మ సూదిని కొప్పులో గుచ్చుకుంది. లేచి ఎదురింట్లోకి వెళ్ళి, రూతమ్మతో ఏదో గుసగుసలాడి వచ్చింది. వస్తూనే, "క్యారేజీలో ఏం తెచ్చావే?" అంది.

"చింతచిగురు పచ్చిరొయ్యలండి" అంది సలోమి, ఇప్పుడీ సంగతెందుకో తెలియక.

"ఏదీ, ఇలా తే."

తింది. మార్తమ్మ తినడమంటే అలా ఇలా కాదు. ఆ వాసనకి వీధి మొదట్లో పిల్లి మూర్ఛపోయింది. ఆవిడ అన్నం కలిపి, ముద్దలు చేసి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క రొయ్యనీ పలకరించి మరీ నోట్లో వేసుకుంది. గిన్నె గీకింది, వేళ్ళు నాకింది. తరవాత ఖాళీ గిన్నెలో అరుగు మీది దారం తుక్కు కూరి, మూత బిగించి, సలోమి ఒళ్ళో పెట్టింది.

"కూర పాడైంది. నాకొద్దు. ఇదిగో, తిరిగి ఇచ్చేశాను."

అరుగంతా ఘొల్లుమంది. సలోమి కూడా నవ్వబోయింది. కానీ పొద్దున్నుంచి కడుపులో కోపం తప్ప ఏమీ పడలేదు.

"అన్యాయం కాదేంటండీ?" అంది.

"న్యాయం కావాలా? అదిగో, న్యాయం అక్కడ కూర్చుంది. వెళ్ళి అడుగు."

ఎదురింటి గుమ్మంలో రూతమ్మ వీధికి వీపు పెట్టి కూర్చుని దొండకాయలు తరుగుతోంది. సలోమి వెళ్ళి ఆ వీపు వెనక నిలబడింది.

"రూతమ్మత్తా, పంతులమ్మగారు నా కూరంతా తినేసి పాడైందంటున్నారు, చూడండి."

రూతమ్మ తల తిప్పలేదు. "మీ బాధ మాకు అర్థమైంది" అంది దొండకాయతో అన్నట్టు.

"అర్థమైతే ఒక్కసారి ఇటు తిరగండి! ఆవిడ మూతికి పులుసు ఇంకా అంటుకునే ఉంది!"

"పులుసు స్పష్టంగా లేదు."

"తిరిగి చూడకుండా స్పష్టంగా లేదంటారేంటత్తా?"

"గిన్నె ఖాళీగా ఉందా?"

"ఖాళీగానే ఉంది, ఆవిడ తినేస్తే!"

"ఖాళీగా ఉన్నట్టు మీరు కూడా నిర్ధారించినందుకు ధన్యవాదాలు" అని రూతమ్మ ఇంకో దొండకాయ అందుకుంది. ఆవిడ భుజాలు మాత్రం నవ్వు ఆపుకోలేక కదులుతున్నాయి.

అరుగు మీది ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒకావిడకి నవ్వి నవ్వి డొక్కలు పట్టేసి మూడు వీధుల అవతల నాటువైద్యుడికి కబురంపాల్సి వచ్చింది. సలోమికి మాత్రం నవ్వు రాలేదు. ఆ వీపు వెనక నిలబడితే, ఇన్నాళ్ళూ ఫోనుకి తాను చేసిన విన్నపాలన్నీ ఎవరి ముందు చేసిందో ఆమెకి మొదటిసారి కంటికి కనపడింది. ముఖమే లేని వీపు. ఎన్ని చెప్పుకున్నా అది ఇటు తిరగదు. తిరగాల్సిన అవసరం దానికి లేదు. విసవిసా అరుగెక్కింది.

"ఆకలేస్తోందా?" అంది మార్తమ్మ.

"వేస్తోందండి."

"మా ఇంట్లో వేడన్నం ఉంది. నెయ్యేసి పెడతాను. చిన్న పని. ఇంతమందిలో నిలబడి, కూర పాడైందని ఒప్పేసుకో. ఒక్క మాట. ఏం పోతుంది?"

సలోమి నోరు తెరిచింది. చూపు ఖాళీ గిన్నె మీద పడింది. ఆ కూర ఆమె వండింది కాదు. ఇంట్లో వాళ్ళ అత్త వండింది. చెరువు గట్టున జారిపడ్డప్పుడు విరిగిన ఆవిడ కుడి చెయ్యి సరిగా అతుక్కోలేదు. కోడలు అరుగుకి ఉత్త చేతులతో వెళ్ళకూడదని, చీకటితో లేచి, ఎడమచేత్తో ఆ రొయ్యలన్నీ ఒలిచింది. ఒలిచి, ఉప్పు సరిపోయిందా అని రుచి చూపించి మరీ క్యారేజీ కట్టింది.

"అననండి" అంది సలోమి.

"ఒక్క మాటే కదే."

"అననండీ! అన్నం లేకపోతే మానె. మా అత్త ఒంటిచేత్తో ఒలిచిన రొయ్యలండి అవి. ఆవిడ కూర పాడైందని నా నోటితో అని, సాయంత్రం ఏ మొహంతో ఇంటికెళ్ళనండీ? తిన్నది మీరు, అబద్ధం మీది, ఒప్పుకోలు నాదా?"

ఆ కేకకి దొండకాయలు తరగడం ఆగిపోయింది. రూతమ్మ వీపు తిరిగి ముఖమైంది. అరుగు మీద నవ్వులన్నీ ఒక్కసారి సద్దుమణిగాయి.

మార్తమ్మ కొప్పులోంచి సూది తీసింది. పక్కనున్న తన అల్లికని ఒళ్ళోకి లాక్కుంది. అడగనట్టే అడిగింది:

"ఆ బల్లగుడ్డ దారం ఎవరు తెంపారే?"

సలోమి ఫోనుకేసి చూసింది. తరవాత పంతులమ్మ చేతుల కేసి చూసింది. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ముడులు దేరి ఉన్నాయి.

"మీరేనండి" అంది మెల్లగా.

అందరూ సూదులు అందుకున్నారు. సలోమి ఫోనుని అరుగు మీద వెల్లకిలా పెట్టి, పక్కన కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. ఎవరో తమ క్యారేజీలోంచి ఒక ముద్ద చేతిలో పెడితే తింది. మధ్యాహ్నం ఫోను ఒకసారి మోగి 'అంగీకరిస్తున్నాను' నొక్కమని చూపించింది. మరోసారి మోగి మళ్ళీ అదే చూపించింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి గానీ చెయ్యి సూది వదల్లేదు. ఆ పూట ఆమె వేసిన ముడులు ఎంత బిగువుగా పడ్డాయంటే, వాటికి పడవలు కట్టినా వరదలో కదిలేవి కావు.

చర్చిలో సాయంత్రం గంట కొట్టారు. ఫోను వెలిగింది.

"పోయిందండి" అంది సలోమి. "మూసేశారు." ఆ మాట ఏడుపుతో కాదు, కోపంతో అంది. "తప్పు చేసినావిడ గుడ్డ పరుచుకుని భోంచేస్తోందండి. నాకు దుకాణం లేకుండా పోయింది. రేపు ఏజెంటు దగ్గరికే పోతాను. ఏం చేస్తాను మరి? కానీ వాడు ముక్కు చిట్లిస్తే మాత్రం గుడ్డ లాక్కుని వచ్చేస్తానండి."

మార్తమ్మ తన అల్లికలో ఆఖరి ముడి బిగించింది. అలవాటు ప్రకారం రూతమ్మ వీధి దాటి వచ్చి చెయ్యి చాపింది. మార్తమ్మ ఆ చెయ్యి దాటించి గుడ్డనీ కత్తెరనీ సలోమి ఒళ్ళో పెట్టింది. అరుగు మీద సూదులన్నీ ఆగాయి. రూతమ్మ సలోమి వెనకకి వచ్చి, వెలుతురుకి అడ్డం లేకుండా పక్కకి జరిగింది.

సలోమి గుడ్డని పడమటి వెలుతురుకి పట్టింది. పువ్వు పువ్వునీ తడిమింది. అంచు లాగింది. ఒకచోట ఆగి మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకుంది. మార్తమ్మ, పరీక్షకి కూర్చున్న పిల్లలా, ఊపిరి బిగబట్టుకుని ఆమె ముఖం కేసే చూస్తోంది.

"బాగుందండి" అని సలోమి దారం తెంపింది.

మార్తమ్మ ఊపిరి వదిలింది. ఖాళీ క్యారేజీలోంచి దారం తుక్కు దులిపి, గిన్నె కడిగి, తుడిచి, సలోమి చేతికిచ్చింది.

"కూర బాగుందే" అంది. "మీ అత్తకి చెప్పు. తిన్నది నేనేనని కూడా చెప్పు."