అందమైన ఎర్రకుండ

వెనకటికి ఒక మంత్రి ఊరి నడుమ ఎర్రకుండ, నల్లకుండ పెట్టించాడు. ప్రతివాళ్లూ ఏదో ఒకదాంట్లో చింతగింజ వేయాలి. వేయకపోతే పది కొరడా దెబ్బలు.

“ఇది దేనికండీ?” అంది గంపలల్లే కోటమ్మ.

“నీకెందుకే? ఆజ్ఞాపత్రంలో రాసుంది. వేయడమే నీ ధర్మం!” అన్నాడు మంత్రి.

కోటమ్మ మడిచిన తాటాకు చాచింది. “అయితే దీనిమీద మీ ముద్ర వేయండి, దొరా.”

మంత్రి అదిరిపడ్డాడు. “ఏం రాసుందో చదవకుండానా? నా ఇల్లు రాయించుకుంటే?”

“మరి మా చేత ఏం రాయించుకుంటున్నారు?”

జనం ఆజ్ఞాపత్రం పట్టుకున్న ఊరి కరణాన్ని చుట్టుముట్టారు. అతను ఆజ్ఞ చదివాడు. ఎర్రకుండలో ఎక్కువ గింజలు పడితే ఊరి కాలువ మంత్రిగారి తోటకు మళ్లుతుంది!

చూడ్డానికి బాగుందని అప్పటిదాకా వచ్చినవాళ్లంతా ఎర్రకుండలోనే వేశారు. అది అప్పటికే సగం నిండింది.

కోటమ్మ రెండు కుండలూ బోర్లించి ఖాళీ చేసి, మళ్లీ నిలబెట్టింది. “ఇప్పుడు తెలిసిందిగా! ఇంట్లో ఒక్కరూ మిగలకుండా వచ్చి మళ్లీ వేయండి.”