బుస్సుమన్న పెళ్ళిచూపులు

మండపేటలో తెలివి పంచిపెడుతున్న రోజున ముగ్గురన్నదమ్ములు అందరికంటే ముందు వరసలో నిలబడి తెచ్చేసుకున్నారట. ఈ మాట వాళ్ళే చెప్పుకుంటారు, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు సత్తిపండు, చిన్నవాడు భద్రం. "ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదిరా మన గొప్ప" అని గవర్రాజు రోజూ కంచం ముందు కూర్చుని అంటాడు. తమ్ముళ్ళు నోట్లో ముద్దతోనే తలలూపుతారు.

ఆ భద్రానికి ఆలమూరు సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు వనజ. ఫొటో చూసిన దగ్గర్నుంచీ వాడికి అన్నం సయించడం లేదు. ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోయాయి, ఇదీ పోతే బ్రహ్మచారిగానే మిగిలిపోతానని ఒకటే బెంగ. వనజ తండ్రి సోమన్న గారు ఫోన్లో సరదాకి, "అబ్బాయి వస్తున్నాడంటే మా వీధి వీధంతా తెలియాలండోయ్" అన్నారు. అంతే, అన్నదమ్ములకి నిద్ర కరువైంది.

వాళ్ళకో పాత టర్బో కారుంది. "దీనికి డంప్ వాల్వ్ పెడదాం, వీధి అదిరిపోద్ది" అన్నాడు సత్తిపండు. రాజమండ్రి వెళ్ళి కొన్నారు. కొట్టాయన ఓపిగ్గా చెప్పాడు: "టర్బో ఇంజన్లోకి గాలి కుక్కుతుందండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే పైపులో మిగిలిన గాలి ఈ వాల్వ్‌లోంచి బుస్సుమని బయటికొస్తుంది. బిగించేటప్పుడు మాత్రం ఎక్కడా గాలి పోకూడదు, జాగ్రత్త."

ఇంటికొచ్చి పైపు కోశారు, వాల్వ్ బిగించారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు భద్రం వేలు పెట్టి చూస్తే వాల్వ్‌కి ఇంత బెజ్జం.

"అన్నయ్యా, ఇందులోంచి గాలి పోద్దిగా."

"పోకూడదన్నాడు కదరా" అని గవర్రాజు తమ్ముడి జేబులోంచి పెళ్ళిచూపులకని కొన్న కొత్త రుమాలు లాగి ఆ బెజ్జంలో కుక్కేశాడు. ఇంకేముంది, కారు ఊరంతా తిప్పినా వాల్వ్ కిక్కురుమనలేదు.

కొట్టాయనకి ఫోన్ చేశారు. "కాలు పూర్తిగా తీస్తున్నారా? సగం సగం తీస్తే రాదండి" అన్నాడాయన. భద్రం కాలు తీసి స్టీరింగ్ మీద పెట్టాడు. "ఇంకా తియ్యరా" అన్నాడు సత్తిపండు. భద్రం కాలు కిటికీలోంచి బయట పెట్టాడు. చప్పుడు రాలేదు గానీ చెప్పు కాలవలో పడింది.

గవర్రాజు బుర్ర గోక్కుని, "చప్పుడు వస్తోందిరా, బానెట్టే అడ్డుకుంటోంది" అని తేల్చాడు. బానెట్ ఊడదీసి వసారాలో పడేశారు.

మర్నాడు ఇంజను ఊరందరికీ చూపించుకుంటూ ఆలమూరు బయల్దేరారు. దారి పొడుగునా కాలు పెడుతూ తీస్తూ భద్రం ఏడుపు మొహం పెట్టాడు. "వీధికి తెలియకపోతే పిల్లనివ్వరు అన్నయ్యా. నాకా అమ్మాయే కావాలి."

గవర్రాజు వాడి వీపు నిమిరాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యి. అన్నీ అవే కుదురుతాయి."

సోమన్న గారు గేటు పక్కన నిలబడి ఉన్నారు. గేటు సగమే తెరిచి ఉంది. ముంగిట్లో కుర్చీలు, బల్ల మీద జంతికలూ మిఠాయిలూ, వసారా తలుపు దగ్గర వనజ. కారు గేటు ముందాగగానే ఆయన చేతులు జోడించి మర్యాదగా అన్నారు: "కుడికాలు పెట్టి లోపలికి రండి బాబూ."

భద్రం వంగి తన కుడికాలు ఎక్కడుందో చూసుకున్నాడు. యాక్సిలరేటర్ మీదుంది. అంతే, పెట్టాడు. ఉన్న బలమంతా పెట్టాడు.

సగం గేటు కారుతో పాటే లోపలికొచ్చింది. పూలకుండీలు పోయాయి, కుర్చీలు పోయాయి, జంతికలు ఇంజన్లో పడి కరకరలాడాయి. సోమన్న గారు అరుగు మీదికి గెంతి, "కాలు తియ్యవయ్యా, కాలు" అని కేకలు పెట్టారు. భద్రం పూర్తిగా తీశాడు, కిటికీలోంచి బయటికి. గవర్రాజు హ్యాండ్ బ్రేక్ లాగాడు. కుక్కుకున్న గాలంతా ఒక్కసారిగా రుమాలుని తన్నింది. బుస్స్. రుమాలు ఎగిరొచ్చి సోమన్న గారి నెత్తిన పడింది.

వీధి వీధంతా గేటు దగ్గరకొచ్చేసింది. "అందరికీ తెలిసిందా అండీ?" అని అడిగాడు భద్రం, మొహం వెలిగిపోతూ. వనజ నవ్వాపుకోలేక తలుపు చాటుకి పోయింది. నవ్విందంటే నచ్చేశానన్నమాట అనుకుని వాడు మురిసిపోయాడు.

సోమన్న గారు రుమాలు తీసి నేలకేసి కొట్టారు. "మీకో దణ్ణం నాయనా. మా పిల్లనివ్వం. వచ్చినట్టే వెళ్ళిపోండి."

భద్రం మాత్రం ఆశ వదల్లేదు. "ఈ మాటైనా తు.చ. తప్పకుండా చేస్తే ఆయన మనసు మారుద్దేమో అన్నయ్యా" అని రివర్స్ గేరు మీద చెయ్యి వేశాడు.

గవర్రాజు ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. "వచ్చినట్టే అన్నారు కదరా. మనం వెనక్కి నడుపుకుంటూ వచ్చామా?"

నిజమే, ముందుకే వచ్చారు. ఇప్పుడు ముందున్నది ఇంటి పక్క సందు, దాని చివర పెరటి గోడ.

"కుడికాలు మర్చిపోకు" అని గుర్తుచేశాడు సత్తిపండు.

ఇంకేముంది, ఈసారి బుస్సుమన్న చప్పుడు వెనక వీధిక్కూడా తెలిసింది.