పల్చటి పొర

కృపావతి చేసిన పొర మళ్ళీ తొందరగా మెత్తబడింది.

పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ మామూలుగా వంద డిగ్రీల దాకా గాజులా బిగుసుకుని ఉంటుంది. దాన్నే వెంట్రుక మందంలో అయిదువేలవ వంతు పల్చగా సిలికాన్ పలక మీద పరిస్తే డెబ్బై అయిదుకే సడలిపోతోంది. పలకకి మురికి అంటిందేమోనని మళ్ళీ మళ్ళీ కడిగింది. ప్లాస్టిక్‌ని కరిగించిన టోలుయీన్ పూర్తిగా ఆరలేదేమోనని రెండేసి రోజులు ఆరబెట్టింది. నలభై పలకలు చేస్తే నలభయ్యీ అంతే. అన్నిటినీ 'పాడైనవి' అని రాసిన డబ్బాలో పడేసింది.

ఆ పొద్దున్నే రహంతుల్లా గారి ముందు నిలబడి, పరిశోధన మానేస్తానంది. ఆయన ఆమెకు గురువు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటారు.

"సరుకులోనే లోపం ఉంది సార్," అంది. "నాలోనూ ఉంది."

"నీకేమైందమ్మా?"

"అక్క పోయినప్పుడు నేను ఏడవలేదు సార్. ఇంట్లో పదకొండు మందిమి. వచ్చినవాళ్ళకి కాఫీలు, సమాధుల తోటలో పనులు, అక్క కూతురికి జడలు, అన్నీ నేనే చూశాను. దీనిది రాతి గుండె అన్నాడు మా బాబాయి. ఇక్కడికొచ్చి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నా. నిన్న మెస్‌లో వడ్డించే ఆవిడ 'ఇంకొంచెం పెట్టుకో అమ్మడూ' అంది. అక్క అలాగే పిలిచేది. కంచం వదిలేసి వచ్చేశా. ఒక్కసారి అక్క గొంతు వినాలని ఉంది సార్. ఇంత మెత్తదాన్ని ఎప్పుడయ్యానో తెలీదు."

ఆయన లేచి వెళ్ళి ఆ డబ్బా తెచ్చారు. ఆమె ముందు పెట్టారు.

"వీటిమీదున్నదంతా కరిగించి, ఒకే చిన్న పలక మీద పొయ్యి. మందంగా."

"పాడైన సరుకు కదా సార్."

"పొయ్యమ్మా."

నలభై పలకల మీది పొరల్నీ ఒకే సీసాలోకి కడిగింది. గోరంత పలక మీద చుక్క చుక్కగా పోసి ఆరబెట్టింది. మూడో రోజు వేడి పెట్టింది. రహంతుల్లా గారు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

డెబ్బై అయిదు దాటింది. ఎనభై. తొంభై. పొర చెక్కు చెదరలేదు. వందకు గానీ మెత్తబడలేదు.

కృపావతి ఆ అంకె వైపు చాలాసేపు చూసింది.

"అదే సరుకు," అంది మెల్లగా. "మరి పల్చగా ఉన్నప్పుడు ఎందుకలా అయింది సార్?"

"మందంలో ప్రతి అణువుకీ చుట్టూ తనవాళ్ళే. కదలనివ్వరు."

ఆయన డబ్బా మీది కాగితాన్ని గోటితో గీకి తీసేశారు. ఉండచుట్టి జేబులో వేసుకున్నారు.

"సరుకు మంచిదేనమ్మా. పల్చటి దానికి ఒకవైపు ఉత్త గాలే, ఎవరూ లేరు, అంతే."

ఆ మధ్యాహ్నం కృపావతి మెస్‌కి వెళ్ళింది. కడుపు నిండాక కూడా కంచం పట్టుకుని ఆ వడ్డించే ఆవిడ ముందుకెళ్ళి నిలబడింది, ఆవిడ ఆ మాట అనేదాకా.